బేస్ గిటార్ వాయించేవారిలో ఎవరు గొప్ప? వాదనకు కూర్చునే పద్ధతి

బేస్ గిటార్ వాద్యకారులలో ఎవరు గొప్ప అని వాదించుకోవడానికి కూర్చునేవారు అన్నిటికంటే ముందు చేతిలోని ఫోనును పక్కన పెట్టాలి. నాలుగు తీగల బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావైన తీగను మామూలు శ్రుతిలో మీటితే అది సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. దాని తర్వాతి తీగ 55 సార్లు, ఆ తర్వాతిది 73 సార్లు, అన్నిటికన్నా సన్ననిది 98 సార్లు కంపిస్తాయి. ఫోనులో ఉండే గోరంత స్పీకరుకు ఇంత మంద్రమైన నాదాన్ని పుట్టించే శక్తి లేదు. ఆ స్వరంతోపాటు పుట్టే పై స్థాయి అనుస్వరాలు మాత్రమే అందులోంచి బయటికి వస్తాయి, మిగిలినదాన్ని చెవి తనంతట తానే పూరించుకుంటుంది. అలా ఊహించుకున్న శబ్దం మీద ఎంత వాదించినా అది వాద్యకారుడి గురించి వాదించినట్లు కాదు.

ఈ సంగతి మాకు అనుభవం మీద తెలిసింది. అనంతపురంలో మా మిద్దె మీద నెలకొకసారి నలుగురైదుగురం కూర్చుంటాము. ఒకసారి ఇంజనీరింగ్ చదువుతున్న కుర్రవాడొకడు బీటిల్స్ బృందపు పాల్ మెకార్ట్నీని మించినవాడు లేడని గంటసేపు వాదించాడు. అప్పుడు ఫోనులో మెకార్ట్నీ వాయించిన పాటొకటి పెట్టి, ఇందులో బేస్ ఎక్కడుందో వేలితో చూపించమంటే, గిటార్ మోగిన చోటల్లా వేలు ఆడించాడు. మరుసటి నెల, పెళ్లిళ్లకు ఆర్కెస్ట్రా నడిపే ఒక మిత్రుడి దగ్గరినుంచి పన్నెండంగుళాల స్పీకరున్న బాక్సును ఆటోలో వేసుకుని వచ్చి, అదే పాటను దానిలో పెట్టి, ఆ కుర్రవాడి అరచేతిని బాక్సు పక్క చెక్క మీద ఆనించాము. రెండు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఏమన్నా, ఇన్నాళ్లూ ఇది పాటలోనే ఉండెనా?" అని అడిగాడు. "ఉండెనప్పా, నీ ఫోన్లోనే లేదు" అన్నాను. ఆ రోజునుంచి బాక్సు లేనిదే మా వాదన మొదలు కాదు. మంచి హెడ్‌ఫోన్లు ఉన్నా పనికొస్తాయి కానీ, వాటిలో ఎవరి పాట వారు వింటూ కూర్చుంటారు కనుక పదిమంది కలిసి తేల్చవలసిన విషయానికి బాక్సే మేలు.

బాక్సు సిద్ధమయ్యాక ప్రశ్నను కాగితం మీద రాసుకోవాలి. వినడానికి ఇది చాదస్తంగా ఉంటుంది కానీ, మేము పోట్లాడుకున్న ప్రతిసారీ ఒకరు గొప్పతనం గురించి, మరొకరు ప్రభావం గురించి మాట్లాడుతూ, ఇద్దరూ ఒకే ప్రశ్నకు జవాబు చెబుతున్నామని అనుకున్నందువల్లనే పోట్లాడుకున్నాము. గొప్పతనం అంటే ఆ మనిషి చేతిలో ఉన్నది. ప్రభావం అంటే ఆ మనిషి తర్వాత ఇతరుల చేతుల్లోకి వెళ్లినది. ఎవరూ అనుకరించలేనంత గొప్పగా వాయించినవాడి ప్రభావం తక్కువే కావచ్చు, సులువైన వరుసను వాయించినవాడిది లోకమంతా పాకిపోవచ్చు. ఒక సాయంత్రానికి ఒకే ప్రశ్న తీసుకోండి. రెండింటినీ కలిపితే తెల్లవారినా తేలదు.

ప్రభావం ప్రశ్న తీసుకుంటే పని కొంత సులువు, ఎందుకంటే దానికి ఆనవాళ్లు దొరుకుతాయి. షిక్ అనే అమెరికా బృందంలో బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ 1979లో 'గుడ్ టైమ్స్' పాటకు ఒక బేస్ వరుస వాయించాడు. అదే సంవత్సరం షుగర్‌హిల్ గ్యాంగ్ వారు దాదాపు అదే వరుసను మళ్లీ వాయింపజేసి, దాని మీద మాటలు అల్లి 'ర్యాపర్స్ డిలైట్' విడుదల చేశారు. ర్యాప్ అనే ప్రక్రియను ఊరూరికీ మోసుకెళ్లిన తొలి పెద్ద పాట అదే. ఎడ్వర్డ్స్, ఆయన సహచరుడు నైల్ రాడ్జర్స్ అభ్యంతరం చెప్పాక ఆ పాట రచయితలుగా వారి పేర్లు చేరాయి. 1980లో క్వీన్ బృందపు జాన్ డీకన్ 'అనదర్ వన్ బైట్స్ ది డస్ట్'కు వాయించిన వరుసను 'గుడ్ టైమ్స్' పక్కన పెట్టి వింటే అన్నదమ్ముల పోలిక కనిపిస్తుంది. ఈ మూడు పాటలను వరుసగా బాక్సులో వినిపించినవాడు ఎడ్వర్డ్స్ తరఫున ఇంక ఎక్కువ మాట్లాడనక్కరలేదు.

ఇక హద్దు. ఎవరిని లెక్కలోకి తీసుకుంటామో ముందే చెప్పుకోకపోతే, ఓడిపోతున్నవాడు సరిగ్గా చివరి నిమిషంలో చార్లెస్ మింగస్ పేరు తెస్తాడు. మింగస్ వాయించినది మనిషంత ఎత్తుండే డబుల్ బేస్, ఆయన లోకం జాజ్. అమెరికాలో గిటార్లు తయారుచేసే లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ అనే విద్యుత్ వాద్యాన్ని అమ్మకానికి తేవడంతో బేస్ వాద్యం నిలబెట్టి వాయించే స్థితినుంచి భుజానికి తగిలించుకునే స్థితికి వచ్చింది. దానికి మన వీణకు ఉన్నట్టు మెట్లుంటాయి. మెట్టు ఉంటే స్వరం ఖచ్చితంగా పలుకుతుంది కనుకనే, ఖచ్చితత్వం అనే అర్థం వచ్చే ప్రెసిషన్ పేరు పెట్టారు. విద్యుత్ బేస్ మీదే నడిచే వాదనలో డబుల్ బేస్ వాద్యకారులను కలపకపోవడమే న్యాయమని నా అభిప్రాయం, అయితే మొదట డబుల్ బేస్ వాయించి తర్వాత ఇటు వచ్చినవారిని వదలకూడదు, ఎందుకంటే వారిలో జేమ్స్ జేమర్సన్ ఉన్నాడు.

జేమర్సన్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. 1936లో సౌత్ కరోలినాలో పుట్టి డెట్రాయిట్ చేరిన ఈయన, 1960ల పొడవునా మోటౌన్ అనే రికార్డుల సంస్థ పాటలకు బేస్ వాయించాడు. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. ఆ వేలికి తోటివారు కొక్కెమని పేరు పెట్టారు. 1962 నాటి ప్రెసిషన్ బేస్ మీద లావుపాటి నున్నటి తీగలు వేసుకుని, తెగితే తప్ప మార్చేవాడు కాదు. పాత తీగలకు మెరుపు పోయి, మద్దెల ఎడమవైపు తొప్పి మీద రవ్వముద్ద అద్దినప్పుడు వచ్చేలాంటి గుబురైన నాదం వస్తుంది. అంతకుముందు బేస్ చేసిన పని చాలావరకు తాళంతోపాటు మూలస్వరాన్ని వేసుకుంటూ నడవడమే. జేమర్సన్ ఆ నడకను చెడగొట్టకుండానే మధ్యలో చిన్న చిన్న మెలికలు, ఎదురుదెబ్బలు, దాటుడు స్వరాలు వేస్తూ, పాడేవారి గొంతుకు కింద రెండో పాటను నడిపించాడు. 1967 నాటి ఫోర్ టాప్స్ బృందపు పాట 'బెర్నడెట్' విన్నాక, గాయకుడి వరుసను మరిచిపోయి బేస్ వరుసనే గొణుక్కుంటూ మెట్లు దిగినవారు మాలోనే ఇద్దరున్నారు.

ఆ రోజుల్లో మోటౌన్ రికార్డుల అట్టల మీద వాద్యకారుల పేర్లు వేసేవారు కాదు. గాయకుడు మార్విన్ గే 1971లో విడుదల చేసిన 'వాట్స్ గోయింగ్ ఆన్' ఆల్బమ్‌లో జేమర్సన్ పేరు అచ్చయింది. అప్పటికి లోకం పదేళ్లుగా ఆయన వేళ్లకే అడుగులు వేస్తోంది. పేరు తెలియకుండానే కుర్రవాళ్లు ఆయనను అనుకరించారు. తన మీద జేమర్సన్ ప్రభావం ఉందని మెకార్ట్నీ కూడా స్వయంగా చెప్పాడు. ప్రభావం ప్రశ్నకు ఇంతకంటే గట్టి సాక్ష్యం ఇంకెవరికీ లేదని నా ఉద్దేశం. రోలింగ్ స్టోన్ పత్రిక కూడా 2020లో తన జాబితాలో ఆయననే మొదట నిలిపింది, కానీ ఆ మాటను వాదనలో వాడకండి. జాబితా చూపించి గెలిచినవాడు పాట వినలేదని అర్థం.

మోటౌన్ గురించి మాట్లాడేటప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. లాస్ ఏంజిలిస్ స్టూడియోలలో వేల పాటలకు వాయించిన కరోల్ కే, మోటౌన్ పాటల్లో కొన్నింటికి బేస్ తానే వాయించానని చెబుతూ వచ్చింది. వాటిలో కొన్ని జేమర్సన్‌వే అని ఇతరులు వాదిస్తారు. ఇలాంటి చోట, ఎవరు వాయించారో తగాదా ఉన్న పాటను ఏ పక్షమూ సాక్ష్యంగా వాడకూడదన్నది మా నియమం. కరోల్ కే గొప్పతనానికి ఆ తగాదా పాటలు అవసరం కూడా లేదు. 1966 నాటి బీచ్ బాయ్స్ బృందపు 'పెట్ సౌండ్స్' ఆల్బమ్‌లో ఆమె పిక్ అనే చిన్న బిళ్లతో మీటిన బేస్ ఎవరూ కాదనలేనిది.

వినే పద్ధతి గురించి ఇప్పుడు చెప్పాలి, ఎందుకంటే వాదన నెగ్గేదీ ఓడేదీ ఇక్కడే. పాటను మొదటిసారి పెట్టినప్పుడు కాలితో తొక్కే కిక్ డ్రమ్‌ను మాత్రమే వినండి. రెండోసారి ఆ దెబ్బతోపాటు బేస్ పడుతోందా, దానికంటే వెంట్రుకవాసి ముందు పడుతోందా, వెనక పడుతోందా అని వినండి. మూడోసారి, ఎక్కడ వాయించకుండా ఊరుకున్నాడో వినండి. మంచి బేస్ వాద్యకారుడి తెలివి చాలావరకు ఆ ఖాళీల్లోనే తెలుస్తుంది. ఆ తర్వాతే అసలు నియమం వర్తిస్తుంది: ఎవరి పేరు తెచ్చినవాడు వారి వరుసను కనీసం ఎనిమిది తాళాలు నోటితో పాడి చూపించాలి. గొంతు బాగుండనక్కరలేదు, స్వరం కాస్త తప్పినా ఫరవాలేదు, లయ మాత్రం తప్పకూడదు. ఈ నియమం పెట్టినప్పటినుంచి మా మిద్దె మీద పేర్ల సంఖ్య సగానికి పడిపోయింది. మాలో కర్నూలునుంచి వచ్చే మిత్రుడొకాయన ప్రతి ఆదివారం చర్చిలో బేస్ వాయిస్తాడు. రాయలసీమ ఊళ్లలో ఈ వాద్యాన్ని చేతపట్టే కుర్రవాళ్లు నాకు కనిపించేది ఎక్కువగా చర్చి బృందాల్లోనే, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో ఆ పనిని చాలాకాలంగా కీబోర్డు వాయించేవాడి ఎడమచేయి చేస్తోంది. పాడినది సరిగా ఉందో లేదో తేల్చే పని ఆయనకే అప్పగించాము.

ఈ పద్ధతిలో విన్నప్పుడు బయటపడే తేడాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది సమానికి సంబంధించినది. 1970లో అమెరికా గాయకుడు జేమ్స్ బ్రౌన్ బృందంలో చేరిన బూట్సీ కాలిన్స్ నేర్చుకున్న మొదటి పాఠం, తాళంలో మొదటి దెబ్బను, అంటే మనం సమం అనేదాన్ని, పిడిగుద్దులా వేయడం. మిగతా స్వరాలన్నీ ఆ దెబ్బ చుట్టూ తిరుగుతాయి. అదే కాలంలో జమైకాలో బాబ్ మార్లే బృందంలో వాయించిన ఆస్టన్ 'ఫ్యామిలీ మ్యాన్' బారెట్ దీనికి పూర్తిగా ఎదురు. రెగ్గే అనే ఆ జమైకా సంగీతంలో 'వన్ డ్రాప్' అనే నడకలో డ్రమ్ మొదటి దెబ్బను వదిలేసి మూడో దెబ్బ మీద పడుతుంది. ఆ ఖాళీలో బేస్ నిదానంగా, బరువుగా, పాటకు అసలు రాగం తానే అన్నట్టు సాగుతుంది. సమాన్ని గుద్దినవాడు గొప్పవాడా, దాన్ని ఖాళీగా ఉంచిన సంగీతాన్ని మోసినవాడు గొప్పవాడా అన్న ప్రశ్న మీద మేము రెండు నెలలు గడిపాము. ఉరుముల వాద్యం విన్న అనంతపురం వాళ్లకు మంద్రనాదం ఒళ్లంతా ఎలా పాకుతుందో వేరే చెప్పనక్కరలేదు కనుక, బారెట్‌కు మా ఊళ్లో ఓట్లు ఎక్కువే.

వేగం గురించిన వాదనను జాగ్రత్తగా ఎదుర్కోవాలి. కొత్తగా విన్నవారు ఎవరు ఎక్కువ స్వరాలు వాయిస్తే వారే గొప్ప అనుకుంటారు. వారికి ల్యారీ గ్రాహమ్ కథ చెప్పండి. తల్లితో కలిసి వాయించే రోజుల్లో డ్రమ్ వాయించేవాడు లేకపోవడంతో, ఆ లోటు తీర్చడానికి బొటనవేలితో లావు తీగను కొట్టి, మరో వేలితో సన్నటి తీగను లాగి వదిలే పద్ధతిని పట్టుకున్నాడు. నేటికీ స్లాప్ పేరుతో లోకమంతా నేర్చుకునేది అదే. అంతటివాడు స్లై అండ్ ది ఫ్యామిలీ స్టోన్ బృందం 1968లో విడుదల చేసిన 'ఎవ్రీడే పీపుల్'లో పాటంతా ఒకే స్వరం మీద నిలబడ్డాడు. ఆ పాట పెట్టి, ఇక్కడ ఇంకొక స్వరం ఎక్కడ వేస్తావో చెప్పమని అడగండి; వేగం పక్షంవాడు తనంతట తానే తగ్గుతాడు.

అయితే జాకో పాస్టోరియస్ విషయంలో ఈ ఉపాయం పారదు, ఎందుకంటే ఆయన వేగం వెనక వినికిడి ఉంది. ప్రెసిషన్ బేస్ పుట్టిన 1951లోనే పుట్టిన ఈ మనిషి, ఫెండర్ జాజ్ బేస్‌కు ఉన్న మెట్లన్నీ ఊడబెరికి, గాడులను పూడ్చి, పైన ఎపాక్సీ అనే గట్టిపడే పూత పూసి వాయించాడు. మెట్లు లేని చోట వయొలిన్‌లో వచ్చినట్టు గమకాలు, జారుడు వస్తాయి. వేలు ఒక నూలు తప్పినా అపశ్రుతి కూడా వస్తుంది. 1976లో వచ్చిన ఆయన తొలి ఆల్బమ్‌నూ, మరుసటి ఏడాది వెదర్ రిపోర్ట్ బృందంతో చేసిన 'హెవీ వెదర్'నూ విన్న కర్ణాటక సంగీతపు చెవి ఉన్నవాళ్లు మరొక మాట లేకుండా ఆయన పక్షాన చేరిపోతారు. ఆయన 1987లో, ముప్పై అయిదేళ్ల వయసులో చనిపోయాడు. ఆయన విషయంలో నేను అడిగే ప్రశ్న ఒక్కటే: జాకో బేస్‌ను ముందు వరుసలోకి తెచ్చాడు, కానీ బేస్ చేయవలసిన పని ముందు వరుసలో ఉందా? దీనికి జవాబు ఎవరి మనసును బట్టి వారికి ఉంటుంది, కనుక ఈ ప్రశ్న వేసినవాడు వెంటనే నోరు మూసుకుని ఎదుటివారిని మాట్లాడనివ్వాలి.

ది హూ బృందపు జాన్ ఎంట్విజిల్ పేరు తెచ్చేవారు 1965 నాటి 'మై జెనరేషన్'లోని బేస్ సోలోను వినిపిస్తే చాలు. మెటల్ సంగీతం ఇష్టపడే కుర్రవాళ్లు మెటాలికా బృందపు క్లిఫ్ బర్టన్ పేరు తెస్తారు. ఆయన 1986లో ఇరవైనాలుగేళ్లకే బస్సు ప్రమాదంలో పోయాడు. ఆ పేరు వచ్చినప్పుడు ఆయన బతికి ఉంటే ఎంత చేసేవాడో అన్న ఊహను లెక్కలో వేయకూడదని గట్టిగా చెప్పండి, వాయించినది మాత్రమే లెక్కకు వస్తుంది.

మనవాళ్ల సంగతి ఎవరో ఒకరు ఎత్తక మానరు, ఎత్తాలి కూడా. ఎ.ఆర్. రెహమాన్ పాటలకు ఏళ్ల తరబడి బేస్ వాయించిన చెన్నై వాద్యకారుడు కీత్ పీటర్స్ చేతిని, పేరు తెలియకుండానే, తెలుగు శ్రోతలు విన్నారు. మోహినీ డే ముంబైలో పెరిగి ప్రపంచ వేదికల మీద వాయిస్తోంది. ఇళయరాజా విషయంలో మాత్రం వాదన తలకిందులవుతుంది. ఆయన ప్రతి వాద్యానికీ స్వరాలు తానే రాసి ఇస్తాడు కనుక, ఆ పాటల్లో బేస్ వరుస అద్భుతంగా ఉందంటే ఆ ఘనత రాసినవాడికా, మీటినవాడికా? రాసినవాడికి ఇస్తే వేలి బరువును, తీగను వదిలే క్షణాన్ని కాగితం మీద ఎవరు రాయగలరని మా కర్నూలు మిత్రుడు నిలదీశాడు. వాయించినవాడికి ఇద్దామంటే, మా ఇళ్లలో ఉన్న పాత క్యాసెట్ల అట్టల మీద గాయకుల పేర్లు, రచయిత పేరు, సంగీత దర్శకుడి పేరు ఉన్నాయి తప్ప ఈ మనిషి పేరు ఎక్కడా దొరకలేదు. డెట్రాయిట్‌లో జరిగినదే చెన్నైలోనూ జరిగింది. అందుకని ఇలాంటి పాటలకు మేము వేరే కాగితం పెట్టుకున్నాము. అందులో వాద్యకారుడి పేరు రాయవలసిన చోట ఖాళీ వదిలి, పాట పేరు మాత్రం రాస్తాము. పేరు కచ్చితంగా తెలిసిన రోజున నింపుతాము, ఊహించి నింపము.

చివరికి తీర్పు. చేతులెత్తించి లెక్కపెట్టకండి, అలా చేస్తే ఎక్కువమంది స్నేహితులున్నవాడు గెలుస్తాడు. ఎవరి తీర్పును వారు రెండు వాక్యాల్లో, ఏ పాటలో ఏ చోట విని ఆ మాట అంటున్నారో సహా రాసి సంతకం పెట్టాలి. మా కాగితంలో 'ప్రభావం' కింద జేమర్సన్ పేరు మొదటి సాయంత్రం నుంచీ కదలలేదు. 'గొప్పతనం' కింద చాలాకాలం జాకో పేరు ఉండేది. 1969 నాటి బీటిల్స్ పాట 'సమ్‌థింగ్'ను బాక్సులో పెట్టి, గొంతుతో పోటీ పడకుండానే దాని కింద మెకార్ట్నీ ఇంకొక రాగాన్ని ఎలా నడిపాడో విన్న రాత్రి, ఆ పేరు కొట్టేసి మెకార్ట్నీ పేరు రాసినవాణ్ణి నేనే. ఆయన పేరు విని మొదట నవ్వుకున్నది కూడా నేనే కనుక, ఆ ఇంజనీరింగ్ కుర్రవాడు ఆ రాత్రంతా నా ముఖం వైపు చూసి నవ్వుతూనే ఉన్నాడు. కర్నూలు మిత్రుడు మాత్రం ఒప్పుకోక, ఆ గడి పక్కన సంతకం పెట్టకుండా, వచ్చే నెల బారెట్ పాటలు ఆరు తెస్తానని చెప్పి చివరి బస్సుకు బయలుదేరాడు. తెల్లవారితే ఆర్కెస్ట్రాకు గుత్తిలో పెళ్లి ఉండడంతో, బాక్సును దించడానికి నేనూ ఆ కుర్రవాడూ ఇద్దరమే మిగిలాము.